కోటోడి తండ్రి

ఆయన పోయాడని మా మనవరాలు ప్రిస్సీ ఫోనులో చూపించింది. ఎక్కడో దూరదేశంలో, తొంభై దాటాక, నిద్రలోనే పోయాడట. నాలుగు వాక్యాల వార్త. ఎప్పుడో మా చిన్నప్పుడు మొదలై ఇప్పటికీ వస్తూనే ఉన్న ఇంగ్లీషు గూఢచారి సినిమాల వరసలో, మొదటి నాలుగైదింటిలో కారు డ్రైవరు వేషం వేసిన మనిషి. ఆయన అసలు పేరు చదవడం నాకు అదే మొదటిసారి. మా పల్లెలో ఆయన్ని ముసలి డ్రైవరు అనేవాళ్లం. లెక్క చూస్తే అప్పటికి ఆయనకి నిండా నలభై ఐదేళ్లు కూడా ఉండవు. ఫొటోలో టోపీ లేదు, జుట్టూ లేదు. అయినా కళ్లు చూసి పోల్చుకున్నాను.

ఎవరికైనా చెప్పాలనిపించింది. చాట్రాయి దగ్గర కూతురింట్లో ఉంటున్న నాంచారమ్మ పిన్నికి ఫోన్ చేశాను. పిన్ని మాకు చుట్టం కాదు. మా అమ్మతోనూ మా పెద్దమ్మతోనూ కలిసి మామిడి తోటల్లో పనిచేసిన మనిషి, అంతే. ఆవిడకీ ఎనభై దాటాయి.

"పిన్నీ, ముసలి డ్రైవరు పోయాడంట" అన్నాను.

"ఏ డ్రైవరే?"

"సినిమాల్లో. కోటోడి కారు తోలేవాడు చూడు."

"అయ్యో, కోటోడి నాన్నా?" అంది పిన్ని నిజంగా బాధపడుతూ. "కొడుక్కి కబురు అందిందా మరి?"

ఆ సినిమాల్లో కోటోడికి, అంటే ఎప్పుడూ కోటు వేసుకుని తిరిగే ఆ గూఢచారికి, తండ్రి లేడు. ఆ కథలు రాసినవాళ్లు వాడికి తల్లినీ తండ్రినీ ఎవరినీ పెట్టలేదు. తండ్రిని ఇచ్చింది మా పెద్దమ్మ.

మా పెద్దమ్మ పేరు సువార్తమ్మ. మా అమ్మకి అక్క. పెళ్లయిన మూడో ఏడే పెదనాన్న పోతే మా ఇంటికి వచ్చేసింది. మాది చాట్రాయి వెళ్లే రోడ్డు పక్కన పల్లె. రెండు గదుల పెంకుటిల్లు, ముందు తాటాకుల పంచ. నాకు ఊహ తెలిసేసరికి నాన్న లేడు. ఆ ఇంట్లో మేం ముగ్గురు ఆడవాళ్లం. వేసవి వచ్చిందంటే అమ్మా పెద్దమ్మా తెల్లారకముందే తోటకి వెళ్లేవాళ్లు. మగవాళ్లు చిక్కం కట్టిన గెడలతో కాయ కోసి దించితే, ఆడవాళ్లు చెట్ల కింద కూర్చుని ఏరి, తుడిచి, గంపల్లో వరిగడ్డి పరిచి వరసలు పేర్చేవాళ్లు. ఆ గంపలు హనుమాన్ జంక్షన్ చేరి లారీలెక్కి ఎక్కడెక్కడికో పోయేవి. మా అమ్మలిద్దరి చేతుల మీదా మామిడి సొన కాల్చిన నల్ల మచ్చలు వానలు పడి నెల గడిచేదాకా పోయేవి కావు. ఇంట్లోకి రాగానే సొన వాసన, గడ్డి వాసన, పండిన రసాల వాసన మూడూ కలిసి వచ్చేవి. ఈనాటికీ మార్కెట్లో గడ్డి పరిచిన బుట్ట కనిపిస్తే నేను కాసేపు ఆగిపోతాను.

పెద్దమ్మ పని నుంచి రాగానే కుంకుడు నురగతో మోచేతులదాకా తోముకుని, స్నానం చేసి, తెల్ల చీర కట్టుకుని, పంచలో గోడకి ఆనుకుని టీ తాగేది. గ్లాసులో తాగేది కాదు. అంచు మీద సన్నటి నీలం గీత ఉన్న పింగాణీ కప్పు, దానికి సాసరు. రెండూ నూజివీడులో తెల్లదొరల బంగళాలో దొరసాని ఇచ్చినవి. మా పల్లెలో సాసరుతో టీ తాగే మనిషి ఆవిడొక్కతే. పన్నెండో ఏట పెద్దమ్మని ఆ బంగళాలో పిల్లల ఆయాగా పెట్టారు. ఎనిమిదేళ్లు చేసింది. అందుకని పెద్దమ్మకి ఇంగ్లీషు వచ్చని ఊరంతా నమ్మేది. నేనూ నమ్మాను.

ఆ సినిమాలు మా దాకా వచ్చేసరికి పాతబడిపోయేవి. తెర మీద ఎప్పుడూ వాన కురుస్తున్నట్టు గీతలుండేవి. నూజివీడు హాల్లో ఏడాదికోసారి, కొత్తది రాకపోతే పాతదే, కాయ కోతలు అయిపోయి తొలి వానలు పడే రోజుల్లో, మూడు నాలుగు రోజులు ఆడేవి. సరిగ్గా అప్పుడే మా వాళ్లకి పని ఉండేది కాదు. పదిమంది ఆడవాళ్లు కలిసి మ్యాట్నీకి బస్సెక్కేవాళ్లు. హాల్లో నేల తరగతిని నడుం ఎత్తు గోడ కట్టి రెండు చేశారు. ఆడవాళ్ల వైపు మధ్యలో పెద్దమ్మ కూర్చునేది. చుట్టూ మిగతావాళ్లు, ఒళ్లో నేను. తెర మీద ఎవరైనా నోరు తెరిస్తే చాలు, నాంచారమ్మ పిన్ని "ఏమన్నాడొదినా?" అనేది. పెద్దమ్మ చెప్పేది. గొంతు పెంచేది కాదు. అయినా గోడ అవతల మగవాళ్లు కూడా మాటలు ఆపి వినేవాళ్లు.

మొదటి కోటోడు నిదానస్తుడు. ఎంత గొడవ జరుగుతున్నా చేతులు తొందరపడేవి కావు. పెద్దమ్మకి వాడంటే ఇష్టం. "పనివాడి చేతులే అవి. గ్లాసు పట్టుకోవడం చూడండి, చంటిపిల్లకి పాలు తాగించినోడిలా పట్టుకుంటాడు" అనేది. వాడి ఆఫీసులో పెద్దాయన, ఆయన పక్కన ఎప్పుడూ నవ్వుతూ ఉండే చిన్నాఫీసరు. రెండో సినిమాలో ఆ చిన్నాఫీసరు కనపడిన రెండు నిమిషాలకే పెద్దమ్మ "వీడు శత్రువుల మనిషి" అని తేల్చేసింది. "ఎట్టా చెప్తావే?" అంది మా అమ్మ. "నవ్వుతుంటే నోరొక్కటే కదుల్తంది, చెంపలు కదలట్లేదు." ఆఖరి రీలులో వాడే ద్రోహి అని బయటపడినప్పుడు గోడ అవతల నుంచి ఎవరో మగమనిషి "సువార్తమ్మగారూ, మీరు ముందే చెప్పారండీ!" అని అరిచాడు. ఒక సినిమాలో కోటోడిని ప్రేమించిన అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది. ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకుంటుంటే పెద్దమ్మ మాత్రం, "ఏడుపు గొంతులో ఉంది గాని మెడలో లేదు. ఈవిడకి ఇంకా రాలేదు పని" అంది. ఆ తర్వాత ఎంతమంది నటీమణులు ఏడవడం చూశానో. ముందు నా చూపు మెడ మీదకే పోతుంది.

ఇక ముసలి డ్రైవరు. ఆయనకి మాటలు పెద్దగా లేవు. ప్రతి సినిమాలో కారు తెచ్చి ఆపుతాడు, తలుపు తీస్తాడు, కోటోడు దిగి వెళ్లిపోతాడు. అంతే వేషం. రెండో సినిమాలో కాబోలు, కోటోడు ఒక పెద్ద మేడలోకి వెళ్తుంటే పెద్దమ్మ ఉన్నట్టుండి నా భుజం గట్టిగా పట్టుకుంది. "చూశారా? ఎదురుగా ఉన్నంతసేపూ చూళ్లేదు. వాడు అటు తిరిగినాక చూశాడు. ఈయన వాడి తండ్రి."

"తండ్రైతే చెప్పొచ్చుగా?" అంది నాంచారమ్మ పిన్ని.

"చెప్తే శత్రువులకి తెలిసిపోద్ది. ఇద్దర్నీ చంపుతారు. అందుకని డ్రైవరుగా చేరాడు, కొడుకుని కనిపెట్టుకుని ఉండడానికి."

అప్పటినుంచి మా ఆడవాళ్లకి దొంగిలించిన కాగితాలతోనూ పేలిపోయే ఓడలతోనూ పని లేకపోయింది. ముసలి డ్రైవరు కొడుక్కి నిజం చెప్తాడా లేదా అన్నదే కథ. ఏడాది పొడుగునా తోటలో గంపలు పేరుస్తూ దాని గురించే మాట్లాడుకునేవాళ్లు. మూడో సినిమాకి కోటోడి వేషంలో వేరే నటుడు వచ్చాడు. హాల్లో గోలగోల అయింది. పెద్దమ్మ తడుముకోలేదు. "కిందటిసారి ఆ అగ్నిప్రమాదంలో మొహం కాలింది కదా, ఆపరేషన్ చేశారు" అంది. ఆ కొత్తవాడు ఆవిడకి నచ్చలేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మాటిమాటికీ జేబులో పెట్టుకుంటున్నాడని సణిగింది. నాంచారమ్మ పిన్ని మాత్రం వేరే దిగులు పడింది. "మొహం మారిపోయిందిగా వొదినా, తండ్రి గుర్తుపడతాడంటావా?" కారు వచ్చి ఆగింది. కొత్త కోటోడు దిగి నడిచాడు. ముసలి డ్రైవరు తల తిప్పి వాడి వీపు వైపు చూశాడు. మా ఆడవాళ్లంతా ఒక్కసారి ఊపిరి వదిలారు.

ఏడో తరగతి అయ్యాక నన్ను నూజివీడులో మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో వేశారు. అక్కడ ఇంగ్లీషు టీచరుగారు చాలా మంచావిడ. రోజూ సాయంత్రం పెద్దగా చదివించేది. ఇంటర్‌కి వచ్చేసరికి నాకు ఆ భాష బాగా పట్టుబడింది. పట్టుబడిందన్న పొగరు కూడా పట్టుకుంది. పదిహేడో ఏట వేసవి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఆ వరసలో ఇంకో సినిమా వచ్చింది. నేను నాలుగైదేళ్లుగా చూడలేదు. మామూలుగానే అందరం వెళ్లాం. ఇప్పుడు పెద్దమ్మ ఒళ్లో కాదు, పక్కన కూర్చున్నాను. మొదటి పది నిమిషాల్లోనే నాకు అర్థమైపోయింది. పెద్దమ్మ చెబుతున్నదానికీ తెర మీద వాళ్లు అంటున్నదానికీ ఏ సంబంధమూ లేదు. వాళ్లు రైలు టైము గురించి మాట్లాడుకుంటుంటే ఈవిడ పాత పగ గురించి చెబుతోంది. ఇన్నేళ్లూ నన్ను మోసం చేసినట్టు అనిపించింది.

ఇంటర్వెల్‌కి కాస్త ముందు ముసలి డ్రైవరుని కాల్చేశారు. కోటోడు పరుగెత్తుకొచ్చి ఆయన తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన ఏదో అని కన్ను మూశాడు. ఆడవాళ్ల వైపు గాజు చప్పుడు కూడా లేదు. పెద్దమ్మ చెప్పింది. "'నేను నీ నాన్ననిరా' అన్నాడు. 'ఒక్కసారి నాన్నా అని పిలువు' అన్నాడు."

ఎవరో బావురుమన్నారు. నేను ఆగలేకపోయాను.

"అలా అనలేదు" అన్నాను. గట్టిగానే అన్నాను. "వెనక సీటు కింద పెట్టె ఉంది, జాగ్రత్త అన్నాడు. అంతే. ఆయన వాడికి తండ్రి కాదు, ఎవరూ కాదు. ఆయన డ్రైవరు."

పది ముఖాలు నా వైపు తిరిగాయి. నాంచారమ్మ పిన్ని, "ఏంటొదినా, పిల్ల అట్టా అంటంది?" అంది. పెద్దమ్మ నన్ను చూసింది. కోపం కనపడలేదు. "పిల్ల చదువుకుంది. అది చెప్పిందే నిజం. ఇక్కణ్ణుంచి అదే చెప్తది" అని, చీర కొంగు సర్దుకుని తెర వైపు తిరిగింది.

మిగతా సగం నేను చెప్పాను. ఒక్క మాట కూడా వదలకుండా సరిగ్గా చెప్పాను. ఆడవాళ్లలో సగంమంది నిద్రపోయారు. నాంచారమ్మ పిన్ని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఒక్కసారి కూడా "ఏమన్నాడు?" అనలేదు. పెద్దమ్మ చివరిదాకా కదలకుండా కూర్చుంది. బస్సు దిగి ఇంటికి నడుస్తున్నప్పుడు అమ్మ నా జబ్బ మీద చిన్నగా గిల్లింది.

ఆ తర్వాత మా వాళ్లు ఇంగ్లీషు సినిమాకి వెళ్లలేదు. పెద్దమ్మ నన్ను ఎప్పుడూ మునపటిలాగే చూసుకుంది. హాస్టలుకి పచ్చడి జాడీ పంపడం మానలేదు. నా తల దువ్వడం మానలేదు. అయినా ఆవిడ ఎదురుపడితే నాకు తల దించుకోవాలనిపించేది. నేను టీచరు ట్రైనింగు చేశాను. బాపులపాడు దగ్గర స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరాను. పెళ్లయింది, కూతురు పుట్టింది. ఆ సినిమాలు వస్తూనే ఉన్నాయి. మూడో కోటోడు, నాలుగో కోటోడు. హనుమాన్ జంక్షన్లో వాల్‌పోస్టరు కనిపిస్తే నేను తల పక్కకి తిప్పుకుని బస్సెక్కేదాన్ని. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు పెద్దమ్మ దగ్గర సినిమా మాట ఎత్తేదాన్ని కాదు. ఆవిడ గాయాన్ని రేపకూడదని. పిల్లలకి పాఠం చెబుతూ ఎవరైనా తప్పు చదివితే, అందరిముందూ దిద్దడానికి నోరు తెరిచి, ఆగి, తర్వాత పక్కకి పిలిచి చెప్పేదాన్ని. మంచి టీచరని పేరొచ్చింది. ఆ పేరు ఎలా వచ్చిందో నాకు తెలుసు.

అమ్మ పోయాక పెద్దమ్మని మా ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటికి ఆవిడకి చెవులు బాగా మందగించాయి. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే వినపడేది. ఒక వేసవి మధ్యాహ్నం, మాగాయ ముక్కలు డాబా మీద ఎండబెట్టి కిందికి వచ్చేసరికి టీవీలో పాత సినిమా ఒకటి వస్తోంది. పెద్దమ్మ మంచం మీద కూర్చుని చూస్తోంది. మొదటి కోటోడు. నిదానస్తుడు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. తర్వాత వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. ముప్పై ఏళ్లకి పైగా అడగని మాట అడిగాను.

"ఏమంటున్నాడు పెద్దమ్మా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నీకు ఇంగిలీషు వచ్చుగా."

"సరిగ్గా వినపడట్లేదు."

"అబద్ధం చెప్పేటప్పుడు కింది పెదవి లోపలికి లాక్కుంటావు. చిన్నప్పట్నించీ అంతే" అని నవ్వింది.

అప్పుడే కారు వచ్చి ఆగింది. కోటోడు దిగాడు. ముసలి డ్రైవరు వాడి వీపు వైపు చూశాడు. పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది.

"మా నాన్న బంగళాకి నీళ్ల బండి తోలేవాడు" అంది. "నన్ను పనిలో పెట్టింది ఆయనే. పనిలో ఉన్నప్పుడు పలకరించుకోకూడదని బట్లరు కట్టడి చేశాడు. నేను వరండాలో పిల్లలతో ఉంటే నాన్న నీళ్లు దించుకుంటూ ఎటో చూసేవాడు. నేను లోపలికి పోతంటే నా వీపు మీద చూపు తగిలేది. వెనక్కి తిరిగితే ఎద్దుల పలుపులు సర్దుకుంటా ఉండేవాడు. ఎనిమిదేళ్లు. అందుకని ఆ చూపు నాకు తెలుసే. ఆ డ్రైవరు ఏసం కట్టినాయన ఎవరో గాని, తండ్రి చూపు చూశాడు. అది పొరపాటున వచ్చేది కాదు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఎడమ చెవి దగ్గరికి వంగి, "ఆ రోజు హాల్లో నేను అలా అనకుండా ఉండాల్సింది. నీ నోరు మూయించాను. అందరి ముందూ నిన్ను చిన్నబుచ్చాను" అన్నాను.

"ఎప్పుడు?"

"డ్రైవరు చచ్చిపోయిన సినిమాకి."

గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు పట్టింది. గుర్తొచ్చాక ఆవిడ ముఖం వికసించిన తీరు నేను మరిచిపోలేను.

"ఓసి పిచ్చిదానా! ఆ రోజా? నువ్వు మిగతా సగమంతా చెప్పావు. దొరసాని ఇంట్లో ఎనిమిదేళ్లున్నా, ఆవిడ పిల్లలతో ఏం మాట్లాడేదో నాకు ఒక్క ముక్క తెలీదు. మొహం చూసి పని చేసుకోవడమే. అట్టాంటిది మా ఇంట్లో పుట్టిన పిల్ల ఆ మాటలన్నీ గడగడా విప్పి చెప్తంటే, నాకు తెర మీద ఏం జరిగిందో కూడా పట్టలా. నీ నోరే చూస్తా కూచున్నా. నిద్రపోయినోళ్లని చూసి ఒళ్లు మండింది." ఆయాసం తీర్చుకుని, మెల్లగా అంది: "మళ్లీ ఏడు తీసుకెళ్తావని చూశా. ఆ పై ఏడూ చూశా. చదువుల్లో పడ్డావు గదా, తీరిక లేదేమో అనుకున్నా. నాకు చెప్పడం నీకు విసుగేమోనని అడగలా."

నేను లేచి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు అక్కడే ఉన్నాను. ఒక ముఖాన్ని చూసి మనిషిని పట్టగలిగిన ఆవిడ నన్ను తప్పు చదివింది. పుస్తకాలు చదివిన నేను ఆవిడని అసలు చదవలేదు. ఎన్ని తొలి వానలు అలా పోయాయో.

ఆ ఏడే కొత్త సినిమా వచ్చింది. విజయవాడలో ఇంగ్లీషులో ఆడుతోందని తెలిసి మా అల్లుణ్ణి కారు తెమ్మన్నాను. ఎనభై ఏళ్ల మనిషిని లిఫ్టులో ఎక్కించి, ఎర్ర సీట్ల చల్లటి హాల్లో నడవా పక్క సీటులో కూర్చోబెట్టాం. ఆడవాళ్ల వైపు లేదు, మగవాళ్ల వైపు లేదు. "గోడేదే?" అని చుట్టూ చూసింది. సినిమా మొదలయ్యాక ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పడం మొదలెట్టాను. మెల్లగా చెబితే వినపడదు. పది నిమిషాలకి ముందు వరసలో కుర్రాడు వెనక్కి తిరిగి, "కొంచెం మెల్లగా అండీ" అన్నాడు. "పెద్దావిడకి వినపడదు బాబూ" అన్నాను. అతను పాపం లేచి వేరే సీటులోకి వెళ్లిపోయాడు. నేను చెబుతూనే ఉన్నాను. పెద్దమ్మ కళ్లు తెర మీద కొంతసేపు, నా ముఖం మీద కొంతసేపు. ఈసారి కోటోడు ఆవిడకి నచ్చాడు. "వీడికి అలసిపోవడం తెలుసు. మెట్లెక్కి వచ్చినోడు మెట్లెక్కినట్టే ఉన్నాడు" అంది. అంత పెద్ద హాల్లో ఆ మాట అందరికీ వినపడింది.

దీపాలు వెలిగాక కూడా పెద్దమ్మ లేవలేదు. ఊడ్చేవాళ్లు లోపలికి వచ్చారు.

"మళ్లీ ఎప్పుడొస్తాడే?"

"రెండు మూడేళ్లు పట్టుద్ది పెద్దమ్మా."

వేళ్ల మీద లెక్కపెట్టుకుని నవ్వింది. "అయితే నువ్వే చూసిరా. వచ్చి నాకు చెప్పు."

ఆ ఏడు వానాకాలం చివర్లో పెద్దమ్మ పోయింది. మా పల్లె చర్చి వెనక, అమ్మ పక్కనే పెట్టాం.

ఇప్పుడు ప్రిస్సీ ఆ సినిమాలన్నీ ఫోనులో చూస్తుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. కావాలంటే తెలుగులో మాట్లాడతారు, కింద అక్షరాలు కూడా పడతాయి. పక్కవాళ్లని అడగాల్సిన పని లేదు. మంచిదే. ఒక్క మాట తప్పు పోదు. పెద్దమ్మ పోయాక ఆ వరసలో ఇంకో రెండు వచ్చాయి. రెండింటికీ నేనొక్కదాన్నే బస్సెక్కి విజయవాడ వెళ్లాను. మొదటిదానికి వెళ్లి వచ్చిన సాయంత్రం, చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, ఆవిడ మంచం ఉండే గదిలోకి నడిచాను. గదిలో ప్రిస్సీ చదువుకునే బల్ల ఉంది. ఎందుకొచ్చానో గుర్తు రానట్టు కాసేపు నిలబడి, కిటికీ రెక్క దగ్గరికి వేసి వచ్చేశాను.